ఆవిరికొట్టంలో ఆవు

చీకటి పడ్డాక ఏటి ఒడ్డు ఆవిరికొట్టం పేరెత్తేవాళ్ళు కాదు ఆ పల్లెలో. పగలు అందరూ అందులో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆ ఆవిరిలో ఒళ్ళు రుద్దుకున్నవాళ్ళే. రాత్రయితే మాత్రం అది అక్కడ కాపురమున్న ముసలి దెయ్యానిది. ఒళ్ళంతా బొచ్చు, మోకాళ్ళదాకా గడ్డం... వేళకాని వేళ తలుపు తీసినవాడి తోలు ఒలిచి, పొయ్యిరాళ్ళ మీద ఆరేస్తాడట.

అందుకే ఉస్తీన్య తన ఆవుని తెచ్చి అక్కడ దాచింది.

జారు చక్రవర్తి పోయాడు, రాజ్యం ఎవరిదో తేలలేదు. ఆ చలికాలం పల్లెకి విప్లవసేన ఎర్రవాళ్ళు మూడుసార్లొచ్చారు, వాళ్ళతో పోరాడే జారు పక్షపు తెల్లవాళ్ళు నాలుగుసార్లు. ఎర్రవాళ్ళు ప్రజల పేరు చెప్పి కోళ్ళు పట్టుకెళ్ళారు. తెల్లవాళ్ళు దేవుడి పేరు చెప్పి మిగిలిన కోళ్ళు పట్టుకెళ్ళారు. ఉస్తీన్యకి మిగిలింది ఒక్క ఆవు, తల్లిలేని మనవడు. ఆరునెలల పసిగుడ్డు. ఆవు పోతే వాడూ దక్కడు.

ఆ రాత్రి చీకట్లోనే పాలు పితుకుతోంది. ఆవు ఒక్కసారి అరిచింది. అంతే —

బయట మంచు కరకరమంది. రెండు కాళ్ళు కాదు... నాలుగు.

"ఇక్కడేరా అరిచింది." ఎర్రదళం సవేలి గొంతు.

"ఆవిరికొట్టంరా అది... నే రాను." వాడి జోడీ తిఖోన్.

"సిగ్గులేదూ? దేవుడూ లేడు, దెయ్యమూ లేదని నాయకుడు పొద్దున్నేగా చెప్పాడు!"

"పొద్దున చెప్పాడు. ఇప్పుడు రాత్రి."

ఉస్తీన్య చెంబు పక్కన పెట్టి ఆవు వెనక నక్కింది.

క్రిస్మస్ వారంలో పెళ్ళికాని ఆడపిల్లలు ఆ తలుపుసందులో చెయ్యి పెట్టి, రాబోయే మొగుడి జోస్యం చూసుకోవడం వాళ్ళలో వాడుక. లోపలి ముసలాడిది నున్నటి చెయ్యి తగిలితే పేద మొగుడు. బొచ్చు చెయ్యి తగిలితే ఉన్నవాడు.

"ముందు చెయ్యి పెట్టి చూడరా సవేలీ. ఉన్నవాళ్ళ పిల్ల దొరుకుతుంది."

"ఉన్నవాళ్ళందర్నీ మనమే తరిమేశాం కదరా, ఇంకెక్కడి పిల్ల!"

తలుపు కిర్రుమంది... చెయ్యొకటి లోపలికొచ్చింది. తడిమింది... తడిమింది... వెచ్చటి బొచ్చు తగిలి ఆగిపోయింది.

ఆవు ఉప్పు మొహం చూసి నెలయింది. చెమట పట్టిన ఆ చేతిని, మోచేతిదాకా, ఆబగా నాకింది.

"అమ్మోయ్! రుచి చూస్తున్నాడ్రోయ్!"

తుపాకులు మంచులో పారేసి, గడ్డకట్టిన ఏటి మీదుగా ఒకటే పరుగు. అవతలి గట్టున కాపలా ఉన్న తెల్లవాళ్ళు, ఎర్రసేన మొత్తం మీదపడుతోందనుకుని వాళ్ళూ పరుగు లంకించుకున్నారు. ఒక్క ప్రాణం తీయకుండా రెండు సైన్యాల్ని తరిమింది ఆ యుద్ధం మొత్తానికీ ఆ ఆవొక్కటే.

ఉస్తీన్య తలగుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వింది. పాలచెంబు పట్టుకుని లేవబోయింది —

సుయ్‌య్‌య్...

కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసిన చప్పుడు.

కట్టెలన్నీ సైన్యాలు ఎత్తుకుపోయాక, ఆ పొయ్యి వెలిగించి నెలన్నర. అయినా వెచ్చటి ఆవిరి వచ్చి మొహానికి తగిలింది. ఆవిరి పట్టుకునే పైబల్ల మీద ఎవరో... హాయిగా మూలిగారు.

ఎర్రవాడివా తెల్లవాడివా అని అడగబోయి, మానుకుంది.

ఇందాకటిదాకా చలికి వణికిన ఆవు, కళ్ళు మూసుకుని నెమరేస్తోంది.

"బాబ్బాబు... దాన్నేం చెయ్యకు తండ్రీ, పాలిచ్చేది," అని గొణిగి, చెంబు గుండెకి అదుముకుని, వెనక్కి వెనక్కి నడిచి బయటపడింది.

పడి, ఆవిరి బయటికి పోకుండా తలుపు గట్టిగా వేసింది.