రెండు సెకన్ల రాడార్

వీరేందర్ పెళ్లిచూపుల్లో వనజను సరిగ్గా రెండు సెకన్లు చూశాడు. ఆ తర్వాత నలభై నిమిషాల పాటు గోడ మీది క్యాలెండర్‌ని చూశాడు.

ఆ క్యాలెండర్‌లో చూడదగ్గదేమీ లేదు. హెల్మెట్ లేకుండా గనిలోకి దిగకండి అని రాసి ఉంది, పక్కన ఒక హెల్మెట్ బొమ్మ ఉంది. అయినా రేపు పరీక్ష ఉన్నవాడిలా దాన్ని అలా చదువుతూనే ఉన్నాడు.

వనజ చాయ్ తెచ్చి ఇచ్చింది. మిక్చర్, బిస్కెట్ల ప్లేటు పెట్టింది. ఎదురుగా కుర్చీలో కూర్చుంది. అబ్బాయి తల తిప్పలేదు. పక్కనే కూర్చున్న వాళ్లమ్మ ప్రమీల మోచేత్తో రెండుసార్లు పొడిచింది. ఊహూ, తిప్పలేదు.

మాటలకు లోటు రాకుండా చూసుకున్నది మాత్రం మేనమామ ప్రభాకర్. పెనుబల్లి నుంచి కొత్తగూడెం దాకా బస్సులో రిహార్సల్ చేసుకుంటూ వచ్చాడాయన.

"మావాడంటే ఏమనుకున్నారు బావగారూ! నేవీ! విమానంలో డ్యూటీ! ఆకాశంలో కూర్చుని, సముద్రం అడుగున దాక్కున్న సబ్‌మెరైన్‌ని రాడార్‌తో ఇట్టే చూసేస్తాడు!"

వనజ తండ్రి ఎల్లస్వామి ఇరవై తొమ్మిదేళ్లుగా భూమి కింద బొగ్గు తీస్తున్న మనిషి. పైన కుర్చీలో కూర్చుని కింద ఏముందో చెప్పేవాళ్లను ఆయన చాలామందిని చూశాడు. చాయ్ కప్పు కింద పెట్టి, "అట్లనా," అన్నాడు.

సాయంత్రం పెనుబల్లిలో బస్సు దిగేసరికి ఎల్లస్వామి దగ్గర్నుంచి ప్రభాకర్‌కు ఫోన్ వచ్చింది. విన్నంతసేపు విని, ముఖం మాడ్చుకుని అక్కకు అప్పజెప్పాడు.

"ఎదురుంగ కూసున్న పిల్లనే చూడనోడు సముద్రం కింద ఏం చూస్తడు? ఈ సంబంధం మాకొద్దు అన్నాడక్కా."

"అమ్మాయి ఏమన్నదంట?" అంది ప్రమీల.

"ఆ మాట అన్నది అమ్మాయేనంట. ఆయన ఒప్పజెప్పాడంతే."

వీరేందర్ బ్యాగు కింద పెట్టేశాడు. "అమ్మా, ఆ అమ్మాయి నాకు నచ్చింది."

"ఎప్పుడు చూశావురా?"

"చూశాను."

"క్యాలెండర్‌లోనా?"

జవాబు చెప్తే నవ్వుతారని వీరేందర్‌కు తెలుసు. ఆరేళ్ల నేవీ ఉద్యోగంలో, తుపానులో విమానం అల్లాడిపోయినప్పుడు కూడా వాడికి ఇంత దిగులు కలగలేదు. ఆ పిల్ల కావాలి. అంతే.

మర్నాడు ప్రభాకర్ ఇంకో వార్త మోసుకొచ్చాడు. గనిలో పనిచేసే సర్వేయర్ సంబంధమట, ఆదివారం వనజను చూడ్డానికి వస్తున్నారట. కుర్రాడు బాగా మాట్లాడతాడట. బాగా చూస్తాడు కూడానట. వీరేందర్ సెలవు శనివారంతో సరి. ఆ సాయంత్రం ఖమ్మంలో రైలెక్కాలి. మళ్లీ సెలవు దొరికేది దీపావళికి, అదీ దొరికితే.

శనివారం పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుని భద్రాచలం బస్సెక్కాడు.

వనజ ఉద్యోగం గోదావరి గట్టు మీద. వానాకాలం వస్తే ఘాట్ మెట్ల పక్కన పాతిన స్కేలు చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గంటగంటకూ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. నలభై మూడు అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక. ఆమె ఫోన్ నంబరు ఊళ్లో ఎవరి చేతికి ఎలా చిక్కిందో గానీ, వరద రోజుల్లో సగం భద్రాచలం ఆమెకే ఫోన్ చేస్తుంది.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. పోతుందా అంటే పోదు, పెద్దదవుతుందా అంటే అవదు. ప్రేమలో పడ్డవాడి మీద పడడానికే పుట్టిన వాన.

కీచుమని విజిల్ మోగింది.

"ఓ నీలం అంగీ! సెల్ఫీ పిచ్చా? మెట్లు దిగకు! నీళ్లు పెరుగుతున్నయ్ కనిపిస్తలేదా?"

నీలం అంగీ వెనక్కి తిరిగింది. "నేనండీ. వీరేందర్."

"ఏ వీరేందర్?"

"అదే... మొన్న... క్యాలెండర్..."

వనజ రెయిన్‌కోటు టోపీ వెనక్కి నెట్టి, వాడిని పైనుంచి కింది దాకా చూసింది. "ఓహో! మీరా? ఈడ గోడ లేదు సార్. మరి దేని దిక్కు చూస్తరు?"

ఈలోగా ఆమె ఫోన్ మోగింది. "నలభై రెండు పాయింట్ నాలుగు, బొజ్జయ్య తాతా. ఆఁ, పెరుగుతున్నది. మేకలను ఒడ్డుకు తోలకు. తాతా, నేను గోదావరికి చెప్పలేను గదా, నీకైతే చెప్త. తోలకు!" అని పెట్టేసి వీరేందర్ వైపు తిరిగింది. "చెప్పుండ్రి. జల్దీ."

"మా మామయ్య కొంచెం ఎక్కువ చెప్పాడండీ. రాడార్ నీళ్ల కిందికి చూడలేదు."

"ఏందీ?"

"నీళ్లు తగలగానే రాడార్ కిరణం ఆగిపోతుంది. కింద ఏముందో మాకు కనిపించదు."

వాడి ఖర్మ కాకపోతే, సరిగ్గా అప్పుడే ఎల్లస్వామి గొడుగేసుకుని మెట్లు దిగుతూ వచ్చాడు. వరద డ్యూటీలో ఉన్న కూతురికి కొత్తగూడెం నుంచి సద్ది గిన్నె తెచ్చాడు.

"ఈ పిల్లగాడు ఈడికెందుకొచ్చిండు?"

"నాయినా, రాడార్‌కు నీళ్ల కింద ఏం కనపడదంట! సొంత నోటితోనే ఒప్పుకుంటుండు."

"నేను అప్పుడే అనుకున్న! ఎన్ని అబద్ధాలు!" ఎల్లస్వామి గొడుగు వీరేందర్ ముక్కు దాకా వచ్చింది. "మరి సర్కారు నీకు జీతం దేనికిస్తున్నది?"

"ఎదురు చూసినందుకండీ."

తండ్రీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వీరేందర్ వానలో తడుస్తూనే గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాడు.

"మామూలు సబ్‌మెరైన్ బ్యాటరీల మీద నడుస్తుందండీ. బ్యాటరీ అయిపోతే ఇంజన్ వెయ్యాలి. ఇంజన్‌కు గాలి కావాలి. అందుకని పైకొచ్చి నీళ్ల మీదికి ఒక గొట్టం చాపుతుంది. చుట్టూ చూసుకోవడానికి పెరిస్కోప్ ఎత్తుతుంది. అన్ని అలల మధ్య మూరెడు గొట్టం! స్క్రీన్ మీద అలలూ చుక్కలే, వానా చుక్కలే. వాటిల్లో అదేదో పట్టుకోవడమే నా పని."

ఎల్లస్వామి గొడుగు మెల్లగా వెనక్కి పోయింది.

"గాలి కోసం పైకొస్తదా?"

"రాక తప్పదండీ."

"అవ్ మల్ల! గాలి లేకుంటే ఎవని ఆటా సాగదు!" ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన గని ముచ్చట అర్థమైన మొదటి నేవీ మనిషి దొరికాడు మరి. "మా గనిల ఫ్యాన్ ఆగిందంటే మేనేజరైనా కూలోడైనా పైకి ఉరకాల్సిందే. ఎవడు ఏడున్నడో దేవులాడే పని లేదు, బయటికొచ్చే మోరీ కాడ నిలబడితే చాలు, అందరు అక్కడికే వస్తరు. గట్ల ముందే చెప్పొద్దా? మీ మామ ఏందేందో చెప్పె!" అని కూతురి వైపు తిరిగాడు. "పిల్లగాడు నిజమే చెప్తుండు వనజా."

"నీకు నిజం చెప్తే సరిపాయెనా నాయినా? నన్ను చూడకపోయె గదా!"

ఆ మాటకు ఎల్లస్వామి దగ్గర ఫ్యానూ లేదు, మోరీ లేదు.

"అది కూడా చెప్తానండీ," అన్నాడు వీరేందర్. "రాడార్ వేయడమంటే చీకట్లో టార్చిలైటు వేసినట్టే. వాళ్లు మనకు కనిపించకముందే మన లైటు వాళ్లకు కనిపిస్తుంది. వెంటనే గొట్టం దించుకుని మునిగిపోతారు. అందుకని మేం ఒక్కసారి వేసి, చటుక్కున ఆపేస్తాం. ఉన్నదంతా ఆ ఒక్కసారిలోనే చూసి గుర్తు పెట్టుకోవాలి. ఆరేళ్ల నుంచి అదే పని. అలవాటైపోయింది."

వనజ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే నేను సబ్‌మెరైన్‌నా?"

"కాదండీ!"

"శత్రువుల సబ్‌మెరైన్‌నా?"

"అయ్యో, అది కాదు..."

"విన్నవా నాయినా? చాయ్ ఇస్తుంటే నన్ను బాంబులేసి ముంచేటోని లెక్క చూసిండంట!"

ఎల్లస్వామి గొడుగు చాటుకు పోయి దగ్గాడు. దగ్గు మాత్రం నవ్వులా వినిపించింది.

"భయపడ్డానండీ," అన్నాడు వీరేందర్. ఈసారి గొంతులో టెక్నికల్ విషయమేమీ లేదు. "ఇంకోసారి చూస్తే మీరు లేచి లోపలికి వెళ్లిపోతారేమో అనిపించింది. మీరు వెళ్లిపోకూడదనే చూడలేదు."

వనజ ఫోన్ మోగుతున్నా తీయలేదు.

"సరే," అంది. "ఆ రెండు సెకన్లల ఏం చూసినవో చెప్పు. తప్పు చెప్తే బస్టాండు గా దిక్కున్నది."

మీరు కాస్తా నువ్వు అయిందని వీరేందర్ గమనించనే లేదు. కళ్లు మూసుకున్నాడు.

"ఆకుపచ్చ చీర. కొంగు పిన్ను వంకరగా ఉంది, తొందరలో పెట్టుకున్నారు. జుట్టు తడి ఆరలేదు. కుడికాలి మడమ మీద సన్నగా ఒండ్రు గీత. డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు, కడుక్కున్నా పోలేదు. ట్రే కింద ఫోన్ పట్టుకున్నారు. గోదావరి ఎన్నడుగులుందో చూసుకుంటున్నారు. ఆ రోజు మీకు అక్కడ కూర్చోవడం ఇష్టం లేదు. ప్రాణమంతా ఇక్కడే ఉంది." ఒక్క క్షణం ఆగాడు. "నాకు నచ్చింది అదేనండీ. మీరు నిలబడింది గుమ్మానికి కుడివైపు, నాకు తొమ్మిది అడుగుల దూరంలో."

"ఎనిమిది," అంది వనజ.

"తొమ్మిదండీ."

"ఎనిమిది. నాది కొలతల కొలువు. నాతోని పెట్టుకోకు."

"ఎనిమిదే అయ్యుంటుందండీ."

వనజ రెయిన్‌కోటు గుండీ ఒకటి తీసి మళ్లీ పెట్టుకుంది. "నేనైతే నలభై నిమిషాలు నిన్నే చూసిన. చెవులు ఎర్రగైనయ్, చాయ్‌ల బిస్కెట్ విరిగి పడ్డది, అది తీద్దామా వద్దా అని తిప్పలు పడ్డవ్. అంతసేపు చూస్తుంటే నీకు తెల్వనే తెల్వదు! ఏం నేవీ నీది?"

వీరేందర్ కళ్లు తెరిచాడు. "నలభై నిమిషాలా?"

"నచ్చినోడు చూడకుంటే కోపం రాదా?" అని అనేసి, అన్నాక చటుక్కున వాచీ చూసుకుంది. "పన్నెండైంది. రీడింగ్ తియ్యాలె."

"మరి రేపు ఆదివారం..."

"డ్యూటీల ఉన్నప్పుడు మాట్లాడియ్యకు!"

గబగబా స్కేలు దగ్గరికి దిగిపోయింది. వంగి చూసింది. ఆఫీసుకు ఫోన్ చేసింది. "నలభై మూడు సార్! అవ్, నలభై మూడు!" మరో నిమిషానికి ఊరి మీద సైరన్ మోగింది. ఘాట్ దుకాణాల వాళ్లు పరదాలు విప్పసాగారు. మైకులో మొదటి ప్రమాద హెచ్చరిక అని చెప్తున్నారు. ఇంక ఈ హడావిడిలో తన మాట ఎవరికి గుర్తుంటుందిలే అనుకుని, వీరేందర్ బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. ఖమ్మం బస్సుకు టైమవుతోంది.

"ఆగు," అన్నాడు ఎల్లస్వామి, సగం గొడుగు వాడి మీదికి జరిపి. "ఇంకో ఫోన్ చేస్తుంది చూడు."

వనజ మెట్లెక్కుతూ మాట్లాడుతోంది.

"అమ్మా, నలభై మూడైంది, ఈ రెండ్రోజులు ఇంటికి రాను. ఆఁ, నాయిన ఇక్కడనే ఉన్నడు. ఇంకోటి వినే. రేపు ఆ సర్వేయరోళ్లను రావద్దని చెప్పు... ఎందుకంటే? పెనుబల్లోళ్లకు అవ్ అని చెప్పాలె గదా, అందుకు... అవ్, ఆయననే."

అవతల తల్లి సమ్మక్క ఏదో గట్టిగా అడిగింది. గొడుగు కింద ఉన్న ఇద్దరికీ ఆ అరుపు వినిపించింది గానీ మాట అర్థం కాలేదు.

వనజ వీరేందర్ ముందుకొచ్చి ఆగింది. వాడు ఈసారి చూపు తిప్పుకోలేదు.

"చూసిండమ్మా," అంది ఫోన్‌లో. "మంచిగనే చూసిండు."