పైన్ చెట్టు వెనకాల కంకర

రాత్రి కమ్ముకున్న మబ్బు తెల్లారేసరికి ఎటో పోయింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అలా మబ్బు విడిచిన రాత్రి మా కొండ ఊళ్ళలో చలి నేలలోకి దిగిపోతుంది.

అద్దాల తలుపు దగ్గర నాయనమ్మ కుర్చీలో కూర్చుంది. ఆమె కాలికి కట్టు ఉంది. రేపు ఆపరేషన్. ఈలోగా తోటలో బొమ్మ రైలు ఆమెకు కమలాపండు తెచ్చిస్తుందని మనవరాలు చిహారు మాటిచ్చింది.

పట్టాలు పరిచే ముందు, వాటి కింద ఏం వేయాలో కూడా చిహారే తేల్చింది.

"సిమెంటు పోస్తే తొందరగా అయిపోతుంది" అన్నాడు నాన్న అప్పుడు.

"వద్దు నాన్నా. నాయనమ్మ మళ్ళీ ఉల్లినారు వేసుకోవాలిగా. సిమెంటైతే తియ్యలేం. కంకరే పోద్దాం."

"కంకరైతే జానెడు లోతు గాడి తవ్వి నింపాలి. తవ్వుతావా?"

"తవ్వుతా."

ఇప్పుడు చిహారు రైలు పెట్టెలో కమలాపండు పెట్టి బటన్ నొక్కింది. రైలు ఉల్లి మడి దాటింది. పైన్ చెట్టు వెనక్కి వెళ్ళింది. ఇవతలికి రాలేదు.

"మా రోజుల్లో రైళ్ళు ఇంత ఆలస్యం అయ్యేవి కావమ్మా" అంది నాయనమ్మ. "స్టేషన్ మాస్టారికి ఫిర్యాదు చెయ్యనా?"

చిహారు పరుగెత్తింది. రైలు పక్కకి పడి ఉంది. పట్టాలు ఒంటె మూపురంలా లేచాయి. నాన్న కూడా వచ్చి చూశాడు.

"పిల్లి తన్నిందేమో" అంది చిహారు.

"దానికి అంత బలమా?"

చిహారు అడుగు వేసింది. బూటు కింద కరకరమంది. కంకర పలచగా ఉంది, దాని కింద మట్టి. ఆ మట్టిలోని తడి రాత్రి చలికి గడ్డకట్టి, తెల్లటి మంచు సూదులు నిలబడి పట్టాలను ఎత్తేశాయి. రోజూ బడికి వెళ్తూ వాటినే సరదాగా తొక్కేది. ఇవాళ ఆ చప్పుడుకి కాలు వెనక్కి తీసుకుంది.

"ఇక్కడ గాడి తవ్వలేదు నాన్నా. చేతులు నొప్పెట్టాయి. చెట్టు చాటేగా అని మట్టి మీదే కంకర చల్లేశా."

నాన్న వంగి గడ్డకట్టిన మట్టిని వేలితో గీకి చూశాడు.

"ఎండ పడనీ. నేల మెత్తబడ్డాక పార తెస్తాను" అన్నాడు.

మధ్యాహ్నం చిహారే తవ్వింది. నాన్న బుట్టతో కంకర అందించాడు. నాయనమ్మ భోజనానికి లేవలేదు. రైలు వచ్చాకే తింటానంది.

పట్టాలు సరిగ్గా కూర్చున్నాయి. "ఇక నడుపు" అన్నాడు నాన్న.

చిహారు బటన్ నొక్కలేదు. నీళ్ళ తొట్టి పక్కన ఉన్న పట్టాల దగ్గరికి నడిచింది. అక్కడ ఎండ బాగా తగులుతుంది. అందుకే పట్టాలు పైకి లేవలేదు, అంతా సమంగా ఉంది. ఆ పిల్ల వంగి ఆ పట్టాలు కూడా ఊడదీసింది.

"అదెందుకు? బాగానే ఉందిగా."

"ఇక్కడా అంతే చేశాను."

నాన్న మళ్ళీ బుట్ట ఎత్తాడు.

పొద్దు వాలుతుండగా రైలు వచ్చి తలుపు దగ్గర ఆగింది. నాయనమ్మ వంగి కమలాపండు తీసుకుని, చల్లగా ఉందేమో, రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

అప్పుడు ముగ్గురూ వేడి నూడుల్స్ గిన్నెల ముందు కూర్చున్నారు. చిహారు గోళ్ళ నిండా మట్టి. నాయనమ్మ తన గిన్నెలోని గుడ్డు ముక్క తీసి ఆ పిల్ల గిన్నెలో వేసింది.