పెంకు తీసే వేళ

ఆ పొద్దున కూడా పుష్ప లేస్తూనే వాకిలి చిమ్మి ముగ్గు వేసింది. పొయ్యి మీద నీళ్లు పెట్టి, నడవలో స్టూలు మీదున్న థర్మోకోల్ పెట్టె దగ్గరికి వెళ్లింది. మూతకు అమర్చిన గాజుముక్కలోంచి లోపలికి చూసింది. బల్బు వెలుగులో ఎనిమిది చిన్న గుడ్లు. అందులో ఒకదాని మీద ఆవగింజంత పగులు కనబడింది. మూతకు చెవి ఆనిస్తే లోపలినుంచి సన్నటి అరుపు వినిపించింది.

"అత్తా, ఒకటి పొడిచింది" అంది మెల్లగా, గట్టిగా అంటే ఆ పిల్ల బెదిరిపోతుందేమో అన్నట్టు.

ఎర్రమంచిలో జయరాముడి పొట్టికోళ్లంటే తెలియనివాళ్లు లేరు. పిడికెడంత పెట్టలు, గోళ్లదాకా ఈకలు, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు. ముప్పై ఏళ్ల కిందట హిందూపురం సంతలో ఒక జత కొని చంకలో పెట్టుకుని తెచ్చాడు. పెనుకొండకు సైకిలు మీద పోయేవాళ్లు వాటిని చూడ్డానికి ఆ ఇంటి ముందు ఒక కాలు నేలకానించి ఆగేవాళ్లు. రెండువేల రెండో సంవత్సరం ఎండాకాలంలో కొక్కెర తెగులు వచ్చింది. నాలుగు రోజుల్లో పుంజుతో సహా కోళ్లన్నీ పోయాయి. ఊళ్లో ఏ ఇంట్లోనూ పొదగడానికి ఒక పెట్ట మిగల్లేదు. తెగులుకు ముందు వారం ఆయన భార్య హనుమంతమ్మ తవుడు గంపలో దాచిన పదకొండు గుడ్లు మాత్రం ఉన్నాయి.

వాటిని కూర వండెయ్యమని చెప్పి జయరాముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోడలు ఒప్పుకోలేదు. పుష్ప ధర్మవరం నేతగాళ్ల ఇంటి పిల్ల. ఈ ఇంటికొచ్చి రెండేళ్లే అయింది. కోళ్ల సంగతి తనకు తెలియదని ఆమే అంది. తెలియకపోతే అడుగుతానని కూడా అంది. పెనుకొండ పశువుల ఆసుపత్రికి రెండుసార్లు బస్సులో వెళ్లి, డాక్టరు చెప్పినదంతా నోటుపుస్తకంలో రాసుకొచ్చింది. ఆమె మొగుడు వేణుకు పెనుకొండలో ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసే అంగడి ఉంది. అతను థర్మోకోల్ పెట్టెలో బల్బు బిగించి, వేడెక్కితే తనంతట ఆరిపోయేటట్టు ఏర్పాటు చేశాడు.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు పుష్ప పుట్టింటికి కూడా పోలేదు. పూటపూటా గుడ్లు తిప్పింది. కరెంటు పోయినప్పుడల్లా సీసాల్లో వేణ్ణీళ్లు పోసి లోపల పెట్టి, పెట్టెకు దుప్పటి చుట్టింది. ఏడో రోజు చీకటి కొట్టంలో టార్చి పెట్టి చూస్తే మూడు గుడ్లు ఖాళీ. ఎనిమిదింటిలో ఎర్రటి నరాలు కనబడ్డాయి. ఆ రోజు జయరాముడు మంచం దిగి వచ్చి తనూ చూశాడు. మర్నాటినుంచి పెట్టె పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు.

గుడ్డు పొడిచిన రోజు మధ్యాహ్నానికి ఆయనకు ఓపిక చచ్చిపోయింది. పగులు పెద్దది కావడం లేదు. ముక్కు కొన మాత్రం కదులుతోంది.

"పుష్పా, పొద్దున్నించి అరుస్తానే ఉండాది. మూత తియ్యి. రోంత పెంకు వొలిచేస్తే బయటికొస్తాది."

"ఇప్పుడు తీయకూడదు మామా. నెత్తురు నరాలు ఇంకా పెంకు లోపలి పొరకే ఉంటాయి. పచ్చసొన దాని కడుపులోకి పోవాల. పొడిచినాక ఒక రోజు పడుతుందన్నాడు డాక్టరు. మూత తీస్తే లోపలి తేమంతా పోతాది, మిగతా గుడ్లకూ చేటు."

"ముప్పై ఏండ్లు కోళ్లు సాకినోణ్ని. మగ్గం ముందర పెరిగినదానివి, పానముండే దాని సంగతి నువ్వు నాకు చెప్తాండావా?"

పుష్ప ముఖం మాడిపోయింది. బిందె తీసుకుని కొళాయికి వెళ్లిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి పెట్టె మూత నేల మీద ఉంది. జయరాముడి అరచేతిలో సగం పెంకు ఒలిచిన పిల్ల ఉంది. ఆయన వేళ్లకు నెత్తురంటింది. పిల్ల రెండుసార్లు నోరు తెరిచి, మెడ వాల్చేసింది.

పుష్ప గబగబా గుడ్డ వేణ్ణీళ్లలో ముంచి పిండి లోపల పరిచి, మూత పెట్టేసింది. అనవలసింది హనుమంతమ్మే అంది.

"ముప్పై ఏండ్లంటివి. పెట్ట కింద ఏమి జరిగేదో ఒక్కనాడన్నా చూసినావా? గంప ఎత్తి పిల్లల్ని లెక్కబెట్టుకుంటివి, అంతే. పుష్ప నిద్రకూడా పోకుండా సాకితే, నువ్వు ఒక్క పూట ఆగలేకపోతివి."

జయరాముడు చనిపోయిన పిల్లను తువ్వాలు అంచులో పెట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపు లోపలికి రాలేదు.

మర్నాడు పొద్దునకు రెండు పిల్లలు తమంతట పెంకు చుట్టూ కోసుకుని బయటికొచ్చాయి. సాయంత్రానికి అయిదయ్యాయి. బొటనవేలంత పిల్లలు, తడి ఆరుతూనే దూదిపింజల్లా పొంగాయి. వేణు అంగడి పెందలాడే మూసి వచ్చి పెట్టె ముందు చతికిలబడ్డాడు. జయరాముడు మాత్రం దూరంగానే నిలబడ్డాడు. ఒక గుడ్డు అసలు పొడవనే లేదు. ఇంకొకటి ఆ పొద్దున పొడిచింది గానీ అక్కడే ఆగిపోయింది.

మూడోనాడు తెల్లవారినా అది అట్లాగే ఉంది. పుష్ప పిల్లల్ని వేరే గంపలోకి మార్చి, ఆ గుడ్డును వెలుగులోకి తెచ్చి చూసింది. పగులులో కనిపిస్తున్న పొర తెల్లగా లేదు. ఎండి, గోధుమరంగు కాగితంలా పిల్ల ముక్కు చుట్టూ బిగుసుకుపోయింది. అరుపు ఎప్పుడో ఒకసారి వస్తోంది.

"దీన్ని నేనిప్పుడు తీస్తా మామా" అంది.

జయరాముడు బెదిరిపోయాడు. "వద్దు పుష్పా. నేను ముట్టుకుని ఒకదాన్ని చంపితిని."

"అది పొడిచి ఒక పూటే. దీనికి ఒక పగలు, ఒక రాత్రి అయిపోయినాయి. పొర ఎండి అంటుకున్యాది. ఇంగ వదిలేస్తే లోపలే పోతాది."

ఆయన వంగి ఆ పొరను చూసి, "నేను మూత తీసినందుకేనా ఎండిపోయింది?" అని అడిగాడు.

పుష్పకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అయ్యుండొచ్చు మామా" అంది. తర్వాత ఆ గుడ్డును ఆయన చేతిలోనే పెట్టింది. "నువ్వు పట్టుకో. నీ చెయ్యి వెచ్చగుంటాది."

గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి పొర మీద అద్దింది. పొర మెత్తబడేదాకా ఆగింది. తర్వాత గోటికొనతో గుడ్డు వెడల్పు వైపునుంచి పెంకు చిన్న చిన్న పలుకులుగా తీసింది. తెగిన పట్టుపోగుల్ని చిన్నప్పటినుంచి మెలిపెట్టి అతికిన వేళ్లవి. ఒకచోట వెంట్రుకవాసి ఎర్రటి గీత కనబడగానే ఆగిపోయింది. గుడ్డుకు తడిగుడ్డ కప్పి మళ్లీ పెట్టెలో ఉంచేసింది. అరగంట గడిచింది. జయరాముడు తొందరపెట్టలేదు. ఆమె చూసినప్పుడే తనూ చూశాడు.

రెండోసారి తీసి ఆయన చేతిలో పెట్టినప్పుడు ఆ గీత లేదు. నెత్తురు లోపలికి ఇంకిపోయింది. ఇంకొంచెం పెంకు తీసి, రెక్క కింద ఇరుక్కున్న తలను విడిపించింది. అక్కడితో చేతులు వెనక్కి తీసుకుంది.

"మిగతాది అదే తన్నుకోవాల" అంది.

పిల్ల కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఒక్క తన్ను తన్ని జయరాముడి అరచేతిలోకి జారింది. తడిసి, వంకరగా, లేవలేక పడిపోతూ, అయినా గట్టిగా అరుస్తూ. ముసలాయన కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా కారాయి. చేతిలో పిల్ల ఉంది కాబట్టి తుడుచుకోలేకపోయాడు.

"ఆ పొద్దు నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు.

పుష్ప తన కొంగుతో ఆయన ముఖం తుడిచింది. తర్వాత తన కళ్లూ తుడుచుకుంది. హనుమంతమ్మ కోడలి తల నిమిరింది.

ఆ ఆరూ బతికాయి. రెండు పుంజులు, నాలుగు పెట్టలు. మరుసటి ఏడు ముదిగుబ్బనుంచి ఈరన్న అనే రైతు, తన తమ్ముణ్ని వెంటబెట్టుకుని గుడ్ల కోసం వచ్చాడు. తనూ పెట్టె చేయించానని, పోయినసారి పిల్లలు పెంకులోనే చచ్చాయని చెప్పి, ఎప్పుడు సాయం చేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో జయరాముణ్ని అడిగాడు.

"నన్నడిగితే లాభం లేదప్పా. ఈ కోళ్లు మా కోడలు నిలబెట్టినవి. డాక్టరు కూడా వేరే ఊర్లోళ్లను ఈమె దగ్గరికే పంపిస్తాండాడు" అన్నాడు జయరాముడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు వీధి చివరిదాకా వినిపించింది. లోపలికి తిరిగి కేకేశాడు. "పుష్పా, చేతిలో పని పక్కన పెట్టి రామ్మా. ముదిగుబ్బోళ్లు నీకోసరం వచ్చినారు."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేసరికి, జయరాముడు మంచం మీదినుంచి లేచి ఆమెకు చోటిచ్చి, తను వాళ్లతో పాటు అరుగు మీద కూర్చున్నాడు, వినడానికి.