ఇరవై ఎనిమిదికి దిగితే

"టైమర్ లేదు. రిమోట్ లేదు. అయినా పదకొండింటికి పేలుతుందట. ఎలాగో కనుక్కుని ఆపు," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంటులో అతన్ని అందరూ స్టెప్నీ అంటారు. మిగతా ఏజెంట్లంతా పంక్చరయ్యాకే అతనికి పిలుపొస్తుంది మరి.

ఉదయం పది నలభై అయిదుకల్లా అతను టైరు మెకానిక్ వేషంలో ఒక కార్ల కంపెనీ టెస్ట్ చాంబర్లో ఉన్నాడు. కార్లను గడ్డకట్టే చలిలో పరీక్షించే ఉక్కు గది అది. గోడకు అవతలి హాల్లో రెండు దేశాల మంత్రులు సంతకాలకు కూర్చుంటున్నారు. గది మధ్యలో, రోలర్ల మీద ఒక ఎర్ర కారు. దారి చూపించింది పెర్ఫ్యూమ్. శత్రువుల ముఠాలో మనకోసం పనిచేస్తున్న అందగత్తె మారుపేరది.

కారు చూపించి ఆమె గుమ్మం వైపు జారుకుంది. గుమ్మం దాటకముందే ఉక్కు తలుపు ఆమె మొహం మీదే మూసుకుంది. పదకొండూ పదికి టెస్టు ముగిస్తే గాని ఆ లాక్ తెరుచుకోదు. పిడికిళ్లతో తలుపు బాదుతూ ఆమె ముఠాలోని తన బాస్‌ని పేరు పెట్టి తిట్టింది. ఎవరి మనిషో స్టెప్నీకి అప్పుడు తెలిసింది.

"మీవాళ్లు నిన్నూ వదిలించుకున్నారన్నమాట. ఇప్పుడైనా చెప్పు తల్లీ, ఏది టైమరు?"

"టైరు."

పళ్లు టకటకలాడుతుండగా మిగతాది చెప్పింది. బాంబు డిక్కీలో ఉంది, తెరిస్తే పేలుతుంది. ముందు టైరులోని సెన్సర్ దానికి కాపలా. గది చల్లబడే కొద్దీ, ఆరు డిగ్రీలకో పాయింటు చొప్పున, టైర్లో గాలి ఒత్తిడి పడిపోతుంది. ఇరవై ఎనిమిదికి దిగితే అంతే సంగతులు. మళ్లీ గాలి కొట్టకుండా వాల్వు మీద సీసం పోశారు.

గోడ మీద థర్మామీటరు సున్నా దగ్గరుంది. డ్యాష్‌బోర్డు మీద ఇరవై తొమ్మిది.

స్టెప్నీకి మేనమామ టైర్ల షాపు గుర్తొచ్చింది. దూరం నుంచి వచ్చిన కారుకు అప్పటికప్పుడే గాలి చూడబోతే ఆయన చేయి పట్టుకుని ఆపేవాడు. పరిగెత్తి వచ్చిన టైరు వేడెక్కి, గాలి ఎక్కువుందని అబద్ధం చెబుతుందిరా, చల్లారనీ, అనేవాడు.

ఇవాళ కావలసింది ఆ అబద్ధమే.

"తాళంచెవి ఇలా తే," అన్నాడు స్టీరింగు ముందు కూర్చుంటూ.

"ఇస్తే నాకేంటి?"

"పదకొండు దాటాక కూడా లిప్‌స్టిక్ వేసుకోవచ్చు."

తాళంచెవి అతని ఒళ్లో పడింది. పది యాభైకి ఇంజను గర్జించింది. పొగ గొట్టంలోంచి బయటికి పోతోంది. రోలర్ల మీద చక్రాలు గంటకు నూటఇరవై వేగంతో తిరుగుతున్నాయి. ఎదురుగా అదే గోడ, అదే మేకు, ఆ మేకుకు అదే తుప్పు. ఊపిరి అద్దం మీద మంచవుతోంది.

ఇరవై ఎనిమిదిన్నర. ఇరవై ఎనిమిది పాయింట్ రెండు. పెర్ఫ్యూమ్ కళ్లు మూసుకుంది. ఇరవై ఎనిమిది పాయింట్ ఒకటి.

అంకె అక్కడే వేలాడింది. టైరు వేడెక్కుతోంది.

పాయింట్ మూడు. ఇరవై తొమ్మిది. గోడ అవతల చప్పట్లు మోగే వేళకు ముప్ఫై ఒకటి.

పదకొండూ పదికి తలుపు తెరుచుకుంది. బాంబు స్క్వాడ్ వాళ్లు కారు కిందికి దూరి, వైరు తెంపి, ఇక ఆపమని చేయి ఊపారు. స్టెప్నీ కాలు యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయింది. రెండు చేతులతో ఎత్తి తీసుకోవాల్సొచ్చింది.

"నిన్ను వదిలేసి ఆ పిల్ల పారిపోవాలని చూడలేదా?" అన్నాడు చీఫ్, ఆమె చేతులకు బేడీలు వేయిస్తూ.

"ఇద్దరం కలిసే పారిపోయాం సార్. నలభై కిలోమీటర్లు. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చాం."