తాళం అడిగిన దొర

కెమిస్టు కుర్చీలోనే చచ్చాడు. గాయం లేదు, రక్తం లేదు. పెదాలు మాత్రం నీలం.

"ఊపిరి పీల్చడం మర్చిపోయాడు," చీఫ్ ఫోటో బల్ల మీద విసిరాడు. "మెదడు కణాల మీద రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. తాళంకప్ప అనుకో. ఒంట్లో పుట్టే నొప్పిమందే దాని అసలు చెవి. విదేశీ ముఠా దొంగచెవి చేసింది. అది దూరితే నొప్పి పోతుంది, ఊపిరీ పోతుంది."

"విరుగుడు, సార్?"

"ఉంది. దొంగచెవిని తోసేసి కప్పని మూసేస్తుంది. ముఠా మందుని రోగుల మీద ప్రయోగించారని పదకొండింటికి నర్సులు సభలో బయటపెడుతున్నారు. మూడొందల మంది. ఆ హాల్లో ముఠా అదే మందుని గ్యాస్‌గా వదుల్తుంది. కదులు."

ఏజెంట్ కొరివి ఏసీ మెకానిక్ వేషంలో హాలు మీది గదికి చేరాడు. పది యాభై మూడు.

"కంప్రెసర్ దగ్గుతోందట?"

"జలుబు చేసింది," కోడ్ కలిపింది మేడమ్. ముత్యాల దండ, ముఠాలోనూ చీఫ్ దగ్గరా రెండు పక్కలా ఉద్యోగం. ఆమె కాళ్ళ దగ్గర ముఠా నాయకుడు, దొర, నీలం పెదాలతో గురక పెడుతున్నాడు.

"ఏం చేశావ్?"

"గ్యాస్‌కి ముందు విరుగుడు కావాలన్నాడు. డిక్షనరీ తెలుగు కదా, 'తాళం ఇమ్ము' అన్నాడు. మా అమ్మ తాళాలేవే అంటే చెవులే ఇస్తాం, కప్ప ఇస్తామా? దొంగచెవి సూది పొడిచా."

"ఓసి నీ! గ్యాస్ డబ్బా ఎక్కడుందో వీడొక్కడికే తెలుసు!"

కొరివి సగం డోసు విరుగుడు పొడిచాడు. దొర ఎగశ్వాసతో లేచాడు.

"డబ్బా?"

"చెప్పను."

కొరివి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సగం డోసు ఎంతసేపని? మూడు నిమిషాల్లో పెదాలు మళ్ళీ నీలమెక్కాయి. దొర గోడ గీరాడు. కొరివి వాచీ చూసుకున్నాడు.

"మైకు... కింద..."

ఇంకో సగం పొడిచి, మెట్లు నాలుగేసి దూకాడు.

"ఏయ్ మెకానిక్కూ, మీటింగ్ మధ్యలో ఏంటిది?" స్టేజి మీద నర్సు కసిరింది.

"చల్లగా లేదని కంప్లైంట్ వచ్చిందక్కా."

మైకు కింద డబ్బాకున్న టైమరు వైరు తెగింది. ఒక్క సెకను మిగిలింది.

కొరివి పైకొచ్చేసరికి దొర మళ్ళీ కొట్టుకుంటున్నాడు. విషం నాలుగు గంటలుంటుంది, విరుగుడు ఉండదు. ఫోన్లో చీఫ్: "వాణ్ణి బతికించు. ముఠా పేర్లన్నీ కావాలి."

"ముఠాలో ఎంతమంది ఉంటారు?" కొరివి అడిగాడు.

"పద్నాలుగు," అంది మేడమ్. "డోసులు ఎనిమిదే ఉన్నాయి."

"అయితే పెద్దవాళ్ళ పేర్లతో మొదలెట్టమను."