మూడు కంచాలు

ఉదయం 6:40.

విత్తనాల గోడౌన్‌లో శవం బోర్లా పడి ఉంది. పక్కన పన్నెండు వరసల ఎత్తున బస్తాల దొంతర.

చనిపోయినవాడు అక్కడి హమాలీ. వయసు ముప్పై ఆరు. పదిహేనేళ్లుగా అవే బస్తాలు మోస్తున్నాడు.

"తాగి పడ్డాడు సార్," అన్నాడు గోడౌన్ మేనేజర్. "వారం నుంచి తూలుతూనే ఉన్నాడు. ఎవర్నైనా అడగండి."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని శవం మూతి దగ్గర వాసన చూశాడు. దుమ్ము, చెమట. ఇంకేమీ లేదు.

"తాగినవాడు పొద్దున్నే పనికెందుకొచ్చాడు?"

"సీజన్ సార్. ఏడింటికి లారీ."

హెడ్ కానిస్టేబుల్ మూలకెళ్లాడు. అక్కడ ఖాళీ విత్తనాల సంచులు మడతపెట్టి ఉన్నాయి. వాటిమీద హాయిగా కూర్చుని పంచనామా రాయడం మొదలుపెట్టాడు.

"కుర్చీ దొరికిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మెత్తగా ఉంది సార్. స్టేషన్‌కి ఒకటి పట్టుకెళ్దామా?"

అప్పుడే ఒక మనిషి గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చాడు. మృతుడి అన్న.

"తూలి పడలేదు సార్! విషం పెట్టి చంపింది. వాడి పెళ్లామే చంపింది!"

9:15.

గోడౌన్ వెనకే హమాలీల వరస. ఎనిమిది గదులు, ఒక కుళాయి, అందరికీ కలిపి ఒకే మురిక్కాలువ. చుట్టూ కనుచూపుమేర మొక్కజొన్న చేలు. అందులో ఒక్క కంకి కూడా ఈ ఎనిమిది గదులది కాదు.

మృతుడి భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు. చిన్నకూతురు ఒళ్లో ఉంది. పెద్దది గుమ్మంలో నిలబడింది.

ఇన్‌స్పెక్టర్ గదంతా చూశాడు. పొయ్యిమీద జావ కుండ. మూలన గోనెసంచీలో మొక్కజొన్న గింజలు. తొట్టి దగ్గర రాత్రి కడిగి బోర్లించిన కంచాలు.

"ఇంట్లో ఎంతమంది?"

"నలుగురం సార్."

"కంచాలు మూడే ఉన్నాయి. నాలుగోది?"

ఆమె తల దించుకుంది.

"చూశారా!" మృతుడి అన్న అరిచాడు. "ఇది తినలేదు. తినకూడదని దీనికి ముందే తెలుసు!"

పక్కగది ముసలమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "తమ్ముడు బతికుండగా ఈ గడప తొక్కని మహానుభావుడు! ఇవాళ మాత్రం కంచాలు లెక్కపెట్టడానికి తీరికైంది!"

"నువ్వు నోర్ముయ్ ముసలీ!"

"ఊరుకోండి పెద్దమ్మా," అంది భార్య నీరసంగా. "బావగారి బాధ బావగారిది."

ఇన్‌స్పెక్టర్ జావ కొంచెం సీసాలో పోయించి సీల్ వేయించాడు. ఆమెను, ఆమెను వదలని చిన్నకూతురిని జీపెక్కించాడు. పెద్దకూతురు ముసలమ్మ దగ్గర ఉండిపోయింది.

మధ్యాహ్నం 1:10.

పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్ ఫోన్ చేశాడు.

"మద్యం చుక్క కూడా లేదు. పడకముందే కాళ్లూ చేతులూ పట్టు తప్పి ఉండాలి."

"విషమా?"

"అనుమానం అదే. ఒక్కసారి పెట్టింది కాదు. రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లో చేరింది. ల్యాబ్ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది."

రోజూ వండేది ఒక్కరే. తిననిది కూడా ఆ ఒక్కరే. కేసు దానంతటదే నడుచుకుంటూ వచ్చి టేబుల్ మీద కూర్చుంది. సాయంత్రానికి రిమాండ్. పిల్లలు పెదనాన్న చేతికి.

ఇన్‌స్పెక్టర్ ఆమె ఎదుట కుర్చీ లాక్కున్నాడు.

"మీ ఆయనతో గొడవలున్నాయా?"

"లేనిదెవరికి సార్?"

"రాత్రి ఎందుకు తినలేదు?"

"ఆకలి లేదు."

"మొన్న?"

ఆమె చిన్నదాని జుట్టు సవరించింది.

"చూడమ్మా, నువ్వు నోరు విప్పకపోతే నేను రాసేది ఒక్కటే."

"రాసుకోండి సార్. ఒక్క మాట మాత్రం పెద్దమ్మకు చెప్పండి. కుండలో జావ ఉంది. పెద్దదానికి మధ్యాహ్నం పెట్టమనండి. అది అడిగి తినే పిల్ల కాదు."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగిపోయింది. విషం కలిపిన తల్లి ఆ కుండలోది కన్నబిడ్డకు పెట్టమంటుందా?

అప్పుడే చిన్నపిల్ల చేతిలోని నీళ్ల గ్లాసు జారి కిందపడింది.

"నిన్నట్నుంచీ ఇంతేనే నువ్వు," అంది తల్లి.

"చెయ్యి తిమ్మిరెక్కిందమ్మా."

ఇన్‌స్పెక్టర్ పిల్ల చెయ్యి చూశాడు. తర్వాత గ్లాసు తీస్తున్న తల్లి చెయ్యి చూశాడు. గోళ్ల అంచుల్లో పలచటి ఎరుపు.

"గోళ్లకు ఆ రంగేంటి?"

"గింజలు కడిగితే అంటింది సార్. ఐదు నీళ్లు పోస్తేగానీ రంగు దిగదు. నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగే వండాను."

"ఏ గింజలు?" అని అడుగుతూనే ఆయన లేచి నిలబడ్డాడు.

1:50కి జీపు హమాలీల వరస ముందు ఆగింది.

పెద్దకూతురు గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో కంచం. అడుగున జావ చుక్క కూడా లేదు.

"తిండి వృథా చేయకూడదని మా నాన్న చెప్పాడు," అంది పోలీసును చూసి భయపడుతూ.

మధ్యాహ్నం 3:00.

గోడౌన్ వాకిట్లో అందరినీ కూర్చోబెట్టారు. మేనేజర్, అన్న, భార్య, ఎనిమిది గదుల మనుషులు. అంబులెన్స్‌కి ఫోన్ చేసి గంట దాటింది. ఇంకా రాలేదు.

"హెడ్డు గారూ, పొద్దున మీరు కూర్చున్న కుర్చీ తీసుకురండి."

హెడ్ కానిస్టేబుల్ ఖాళీ సంచులు తెచ్చి పరిచాడు. పన్నెండు. ప్రతిదాని మీదా ఎర్రటి పుర్రె బొమ్మ. కింద, తినరాదు అన్న అక్షరాలు.

"నేనూ చూశాను, చూసి వదిలేశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మేనేజర్ గారూ, ఇందులో గింజలేవి?"

"గడువు తీరిన సరుకు సార్. తగలబెట్టమని పైనుంచి ఆర్డర్. ఆ పని చనిపోయినతనికి చెప్పాను."

"సంచులు ఎందుకు తగలబడలేదు?"

"ఖాళీ సంచులు లెక్క చూపించాలి సార్. అది రూలు."

"అంటే, గింజలు మాత్రం ఒలకబోయించారు. అతను వాటిని గోనెసంచుల్లోకి ఎత్తి ఇంటికి తెచ్చాడు. పుర్రె బొమ్మ గోడౌన్‌లో ఉండిపోయింది. మీకు తెలియదా?"

మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. "తీసుకెళ్తామని వీళ్లంతా కాళ్లా వేళ్లా పడ్డారు సార్. బాగా కడుక్కోమని చెప్పాను."

"తిండిగింజను తగలబెట్టడానికి చేతులెలా వస్తాయి?" అంది భార్య, తనలో తను అనుకుంటున్నట్టు. "ఆయన అదే అన్నాడు."

"రంగు గుర్తు కోసం వేసేది. అది నీళ్లకు పోతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పురుగు పట్టకుండా పట్టించిన మందు గింజలోకి ఇంకుతుంది. అది పోదు."

"మేం ఊరికే తినలేదు సార్," అంది ముసలమ్మ. "ఈ అమ్మాయి వారం రోజులు కోళ్లకు వేసి చూసింది. ఒక్కటీ చావలేదు. ఆ కోళ్లను చూసే మేమందరం నెల రోజులుగా వండుకుంటున్నాం."

"ఈ మందు వారంలో చంపదు పెద్దమ్మా. ఒంట్లో పోగవుతుంది."

అన్న లేచాడు. "మరి దీనికేం కాలేదే? మూడు కంచాల మాటేంటి?"

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆమె బావగారి వైపు తిరిగింది.

"బరువులు మోసే ఒళ్లని ఆయనకు రెండోసారీ వడ్డించేదాన్ని. తర్వాత పిల్లలకు. మిగిలితే నేను." కొంగు సర్దుకుంది. "మిగిలేది కాదు బావగారూ."

అన్న మళ్లీ కూర్చున్నాడు.

"అయితే చంపింది నేనే కదా సార్?" అందామె. "వద్దన్నా వడ్డించేదాన్ని."

ఇన్‌స్పెక్టర్‌కు తన తల్లి గుర్తొచ్చింది. విత్తనాలు పోసిన ఎండు సొరకాయ బుర్రను పొయ్యి మీది దూలానికి కట్టి ఉంచేది. ఒక కరువు ఏడు అది కూడా దించి వండింది. అప్పట్లో విత్తనం తింటే మరుసటి పంట పోయేది. అంతే.

కేసు తేలింది. మేనేజర్‌ను జీపెక్కించారు. రేపు బెయిలు మీద వస్తాడు. ఎల్లుండి ఇంకో లారీ వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ డాక్టర్‌కు మళ్లీ ఫోన్ చేశాడు. పిల్లలను వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టర్. పెరిగే వయసు కాబట్టి ఏమీ చెప్పలేనన్నాడు. ఎనిమిది గదులవాళ్లనూ తీసుకురమ్మన్నాడు. వార్డులో మంచాలు ఆరే ఉన్నాయన్నాడు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ గదుల్లోకి వెళ్లారు. గోనెసంచులు, పిండి డబ్బాలు, సగం ఉడికిన కుండలు తెచ్చి వాకిట్లో పెట్టారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. కోళ్లు వచ్చి వాటి చుట్టూ మూగాయి. ఒక కోడి అడుగు పడక పక్కకు ఒరిగి, మళ్లీ లేచి, మళ్లీ ఒరిగింది.

హెడ్ కానిస్టేబుల్ అన్నింటికీ సీల్ వేస్తున్నాడు.

ముసలమ్మ తన డబ్బా చివర్న పెట్టింది. పెట్టి, చెయ్యి మాత్రం దానిమీద నుంచి తీయలేదు.

"తీసుకుపోండి బాబూ. తీసుకుపోవడం మంచిదే," అంది. "మరి రాత్రికి ఏం వండమంటారు?"

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తెరిచాడు. పెన్ను తీశాడు. పేజీ మీద సమయం వేశాడు. 4:25.

దాని కింద రాయడానికి ఆయనకేమీ తోచలేదు.