తీగకి చెప్పని కబురు

రండి పిల్లలూ, పొయ్యి దగ్గరికి జరగండి. తడిసిన మేజోళ్ళు విప్పి ఆరేసుకోండి. హెడ్విగ్, ఆ తలుపు పక్కన కూర్చోకు, ఇటు రా.

మన పైవీధిలో వాల్బుర్గా అని ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త గెబ్‌హార్ట్. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ దక్షిణాన సముద్రపు ఒడ్డుకి వెళ్ళినప్పుడు, అతను జేబురుమాల్లో చుట్టి ఒక కాగితంపూల కొమ్మ తెచ్చాడు. అది పెద్ద కుండీలో ముప్పై ఏళ్ళు పెరిగి, వేసవంతా వాకిట్లో గులాబీరంగు గుమ్మరించేది. ఎండ దేశపు తీగ, మన మంచులో ఒక్క రాత్రి బతకదు. అందుకని ఏటా అక్టోబరులో గెబ్‌హార్ట్ కొమ్మలు కత్తిరించి, దాన్ని నేలమాళిగలోకి దించేవాడు. అక్కడ అది ఆకులన్నీ రాల్చేసి ఎండుపుల్లలా నిద్రపోయేది. పదిహేను రోజులకొక శనివారం, ఒక్క గ్లాసు నీళ్ళు. అంతకు మించితే వేరు కుళ్ళుతుంది.

ఆ ఏడు తీగని దించిన వారానికే గెబ్‌హార్ట్ గుండె ఆగి పోయాడు.

మనలో ఇంటి యజమాని పోతే ఏం చేస్తామో మీరు చూసే ఉంటారు. శవపేటిక గడప దాటకముందే ప్రతి పూలకుండీనీ కాస్త జరిపి, "నీ యజమాని పోయాడు" అని చెప్తాం. వాల్బుర్గా ఏడుస్తూనే కిటికీల్లోని కుండీలన్నిటికీ చెప్పింది. నేలమాళిగలో ఉన్నది మాత్రం గుర్తుకు రాలేదు.

నెల తర్వాత గెబ్‌హార్ట్ అక్క ఓటిలీ వచ్చి అడిగింది. "తీగకి చెప్పావా?"

"అయ్యో... మర్చిపోయాను వదినా."

"నీ మతిమరుపు మండ! వాడితోపాటు నీ బుర్ర కూడా పాతిపెట్టొచ్చామా ఏంటి? పో, ఇప్పుడే చెప్పిరా."

వాల్బుర్గా కిందికి దిగింది. చెమ్మ వాసన, నిలవ ఆపిల్ పళ్ళ వాసన. కుండీ మీద చెయ్యి వేసింది.

మట్టి తడిగా ఉంది.

నెల్లాళ్ళుగా ఎవరూ దిగని చోటు. నేలమాళిగకున్న వీధివైపు తలుపుకి లోపలినుంచి గడియ వేసే ఉంది. ఆ రోజు శనివారం.

ఆవిడ భయపడలేదు పిల్లలూ. ఆ తడి మట్టిని బుగ్గకి ఆనించుకుని ఏడ్చింది. చెప్తే ఇక రాడు. చెప్పకపోతే పదిహేను రోజులకోసారైనా వస్తాడు... నోరు మూసుకుని పైకొచ్చి, "చెప్పేశాను వదినా" అంది.

మళ్ళీ పదిహేను రోజులకి దిగి చూస్తే కుండీలో మట్టి బురదైపోయింది. ఎండుపుల్లలకి ఆకులొచ్చాయి. కొవ్వొత్తి మైనంలా తెల్లటి ఆకులు. మొక్కలు వెలుతురు వైపు తిరుగుతాయని మీకు పాఠం చెప్పాను కదా? ఆ ఆకులన్నీ మెట్ల వైపు తిరిగి ఉన్నాయి.

ఇంకో పదిహేను రోజులకి, మూడో నీళ్ళ శనివారం, నాలుగింటికే చీకటి పడింది. బయట మంచు కురుస్తోంది. వాల్బుర్గా వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తోంది. కింద నీళ్ళ చప్పుడు. గ్లాసెడు కాదు... బకెట్టెడు కాదు... ధార ఆగడం లేదు. ఆగింది. ఒక దగ్గు. మెట్టు కిర్రుమంది.

"బుర్గీ..." గెబ్‌హార్ట్ గొంతే. "ఇక్కడ చలేస్తోందే. పైకొచ్చేస్తున్నా."

ఇన్నాళ్ళూ ఆవిడ కోరుకున్నది అదే. కానీ నేలమాళిగ మెట్ల తలుపు సందులోంచి వాసన వచ్చింది. కుళ్ళిన వేళ్ళ వాసన... దాని వెనక ఇంకేదో. ఇంకో మెట్టు. ఇంకోటి. చేతిలో కత్తి జారిపోయింది. తలుపుకి వీపు ఆనించి, చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పింది.

"నీ యజమాని పోయాడు. విను తీగా... గెబ్‌హార్ట్ పోయాడు."

అడుగులు ఆగాయి. తర్వాత తలుపు అవతల, సరిగ్గా ఆవిడ చెవి దగ్గర, గుసగుసగా...

"ఎవరు... నేనా?"

తెల్లవారేదాకా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. వెలుతురొచ్చాక తలుపు తీసి చూసింది. తీగ నల్లగా కుళ్ళి నేలకి అంటుకుపోయి ఉంది. వీధివైపు తలుపు బార్లా తెరిచి ఉంది. బయట మంచులో పాదాల గుర్తులు. చెప్పుల్లేని పాదాలు.

వాల్బుర్గా వాటి వెంటే నడిచింది. అవి శ్మశానం వైపు వెళ్ళలేదు. ఊళ్ళోకి వెళ్ళాయి. ప్రతి గుమ్మం ముందూ ఆగాయి. ఏదో అడగడానికి వచ్చి, ఎవరూ తలుపు తీయక తిరిగిపోయినట్టు, ఇంటి తర్వాత ఇల్లు. చివరికి ఓటిలీ ఇల్లు. అక్కడ గుర్తులు లోపలికి వెళ్ళాయి. బయటికి రాలేదు.

వంటింట్లో ఓటిలీ రెండో కప్పులోకి కాఫీ వంచుతోంది. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. దాని కింద నేలంతా తడి. ఆవిడ వాల్బుర్గాని చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"మెల్లగా మాట్లాడు. వాడు నమ్మడం లేదు. ఆ మాట పుట్టించింది ఎవరని అడుగుతున్నాడు." కుర్చీ వైపు ఒకసారి చూసింది. "నీ పేరు ఇంకా చెప్పలేదు."

ఇక లేవండి పిల్లలూ. ఇళ్ళకి పోయి వేడివేడిగా సూపూ రొట్టే తినండి. ఎంత చేదు కబురైనా చెప్పాల్సిన రోజే చెప్పెయ్యాలని గుర్తుంచుకోండి. అందరూ కలిసే వెళ్ళండి. దారిలో ఎవరైనా వాల్బుర్గా ఇల్లెక్కడని అడిగితే, జవాబు చెప్పకండి.